కాఫ్కా ఇంట్లో యూదుల ఆచారం ఎంతవరకు ఉండేది?

నల్లగొండ పాఠకుడు:
ప్రాగ్‌లో ఉండి జర్మన్‌లో రాసిన కాఫ్కా పెద్ద నవలలు రెండు చదివాను. యూదు అనే మాటే తగల్లేదు. ఆయన గురించి రాసేవాళ్లు మాత్రం యూదు రచయిత అనే మొదలుపెడతారు. ఇంట్లో ఆచారాలు గట్టిగా ఉండేవా, పుట్టుకతో వచ్చిన పేరేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

లైబ్రరీ అక్క:
అంత గట్టిగా ఏం లేవండి. ఆయన్ని జీవితాంతం బాధపెట్టింది అదే. తండ్రి హెర్మన్ దక్షిణ బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) ఓసెక్ అనే పల్లెలో మాంసం కొట్టువాడి కొడుకు. ప్రాగ్ వచ్చి ఫ్యాన్సీ సామాన్ల వ్యాపారంతో పైకొచ్చాడు. ఆయన ఏడాదికి నాలుగు రోజులు సినగాగ్‌కు (యూదుల ప్రార్థనా మందిరం) వెళ్లేవాడని కాఫ్కా 1919లో తండ్రికి రాసిన పెద్ద ఉత్తరంలో ఉంది. అక్కడ పిల్లవాడికి ఆవులింతలే. తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టలుండే బీరువా తెరిస్తే, జాతరలో తుపాకీతో గురికొట్టే ఆట గుర్తొచ్చేదట. గురి తగిలితే అక్కడ ఏదో ఒక తమాషా బయటికొస్తుంది, ఇక్కడ ఎప్పుడూ అవే తలల్లేని బొమ్మలు! చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. అంత చిన్నవాడికి ఏమీ అందలేదు కదా అని.

తల్లి వైపు కథ వేరు. ఆమెకు అమ్మ తరఫు తాత గొప్ప పండితుడు. చలికాలంలో కూడా నదిలో మంచు పగలగొట్టి రోజూ స్నానం చేసేవాడట. ఆయన పోయినప్పుడు అప్పటికి ఆరేళ్ల పిల్ల అయిన కాఫ్కా తల్లి జూలీ చేత శవం కాలి వేళ్లు పట్టించి, తప్పులుంటే క్షమించమని అడిగించారు. కాఫ్కా హీబ్రూ పేరు ఆమ్షెల్ ఆ తాతదే. ఇదంతా 1911 డిసెంబరు డైరీలో ఉంది.

వరంగల్ నాటకాభిమాని:
అదే ఏడాది అక్టోబరులో లెంబెర్గ్ (ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్) నుంచి వచ్చిన యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) నాటక బృందాన్ని ప్రాగ్‌లో ఒక కేఫ్‌లో చూసి, వదలకుండా వెంటపడ్డాడు. వాళ్లలో యిత్జాక్ లోవీ ప్రాణ స్నేహితుడయ్యాడు. తండ్రి ఆ నటుణ్ణి పురుగుతో పోల్చాడు. ఆ మరుసటి ఏడాదే కాఫ్కా మనిషి పురుగయ్యే కథ రాశాడు. రెంటికీ సంబంధం ఉందనే నా నమ్మకం.

నల్లగొండ పాఠకుడు:
అక్కా, తర్వాతైనా యూదు సంప్రదాయానికి దగ్గరయ్యాడా?

లైబ్రరీ అక్క:
తనంతట తనే వెతుక్కున్నాడు తమ్ముడూ. టీబీతో ఉండి కూడా జెరూసలేం నుంచి చదువుకోడానికి వచ్చిన అమ్మాయి దగ్గర హీబ్రూ నేర్చుకున్నాడు. నోట్‌బుక్కుల నిండా మాటలు రాసుకున్నాడు. 1924లో పోయాడు. ముగ్గురు చెల్లెళ్లనూ నాజీలు చంపేశారు. చిన్నది ఓట్లా 1943 అక్టోబరులో, తెరెజీన్ అనే నాజీ నిర్బంధ కేంద్రం నుంచి పంపుతున్న అనాథ పిల్లలకు తోడుగా తానే ముందుకొచ్చి ఆష్విట్జ్ మరణ శిబిరానికి వెళ్లింది. నువ్వు 1911 అక్టోబరు నుంచి డైరీ మొదలుపెట్టు, నవలల్లో దొరకనిది అక్కడ దొరుకుతుంది.