డే హాస్పిటల్లో రోజంతా ఏం చేయిస్తారు? మాత్రలు ఇంట్లోనే వేసుకోవచ్చుగా?

నీలిమబ్బు:
వార్డులో ఉంచాల్సినంత తీవ్రత లేదు, అలాగని నెలకోసారి ఓపీకి వస్తే చాలదు, డే హాస్పిటల్లో చేర్చండి అన్నారు సైకియాట్రిస్టు. మా ఇంట్లో మనిషికి డిప్రెషన్, దానితోపాటు పానిక్ ఎటాక్స్ (ఉన్నట్టుండి దడ, భయం ముంచుకురావడం). వారానికి ఐదు రోజులు, ఉదయం 9:30 నుంచి 3:30 దాకా. చేతికిచ్చిన టైంటేబుల్ నిండా గ్రూపు, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే పనులు చేయిస్తూ ఇచ్చే చికిత్స), స్కిల్స్, రివ్యూ అని ఉంది. గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడం, బొమ్మలు వేయించడం చికిత్స ఎలా అవుతుంది? ఇందులో ఏది పనిచేస్తుంది, ఏది కాలక్షేపం? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

థెరపీ_గది:
టైంటేబుల్ చూస్తే బడిలా ఉంటుంది గానీ, డే హాస్పిటల్ అసలు పని సాయంత్రం ఇంటికెళ్లాక మొదలవుతుంది. వార్డులో వంట ఉండదు, అప్పులవాళ్ల ఫోన్లు ఉండవు, ఇంటి గొడవలు ఉండవు. అందుకే అక్కడ కుదుటపడ్డ మనిషి ఇంటికి రాగానే మళ్లీ జారిపోవచ్చు. ఇక్కడ పగలు నేర్పినదాన్ని ఆ రాత్రే ఇంట్లో చేసి చూస్తారు. కుదరకపోతే ఎక్కడ బెడిసిందో మర్నాడు పొద్దున్నే పట్టుకుంటారు. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు, మాస్కోలో 1933లోనే ఇలాంటి ఆసుపత్రి నడిచింది.

ఉదయం చెక్-ఇన్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. ఎన్ని గంటలు నిద్రపోయారు, మాత్ర పడిందా, నిన్న ఒప్పుకున్న పని అయిందా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగా అడుగుతారు. ఆ చివరి ప్రశ్న లేని ఆలోచనను పుట్టిస్తుందేమోనని ఇంట్లోవాళ్లు భయపడుతుంటారు. పుట్టించదు.

డిప్రెషన్‌కు ప్రధానమైనది బిహేవియరల్ యాక్టివేషన్, అంటే చిన్న చిన్న పనులతో మనిషిని మళ్లీ కదిలించడం. మొదట్లో ఏమీ మార్చరు. గంటకో గడి ఉన్న కాగితం ఇస్తారు. ఆ గంటలో ఏం చేశారో, మనసు 0 నుంచి 10లో ఎంతుందో రాయాలి. ‘మంచం మీదే ఉన్నాను, 2’ అన్నదీ రాయాల్సిందే. నాలుగైదు రోజుల కాగితాలు పక్కపక్కన పెడితే ఏ గంటల్లో అంకె పడిపోతోందో కనబడుతుంది. ఆ గంటల్లో ఒక చిన్న పని పెడతారు. ‘రోజూ నడవాలి’ అని రాస్తే జరగదు. ‘5:30కి చెప్పులేసుకుని వీధి చివరిదాకా, 10 నిమిషాలు’ అని రాస్తే జరిగే అవకాశం ఉంటుంది. ఎక్కువమంది బోల్తాపడేది ఒక్కచోటే: మూడ్ బాగుంటే చేద్దామని ఆగడం. పని ముందు నడవాలి, మూడ్ దాని వెనక వస్తుంది. ఇంకో రకం బోల్తా కూడా ఉంది. ఒక మంచి రోజు రాగానే ఇల్లంతా దులిపి కడిగేసి, తర్వాత రెండు రోజులు మంచం దిగలేకపోవడం.

పానిక్‌కు చేసేది బయటివాళ్లకు వింతగా ఉంటుంది. భయపెట్టే ఆ దడనీ తలతిరుగుడునీ గదిలోనే, కావాలని తెప్పిస్తారు. 60 సెకన్లు వేగంగా, గట్టిగా ఊపిరి పీల్చి వదలడం, ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఓ నిమిషం గాలి పీల్చడం, తిరిగే కుర్చీలో ఓ నిమిషం తిరగడం. మొదలుపెట్టే ముందు ‘ఏమవుతుందని భయం, ఎంత శాతం నమ్మకం’ అని రాయిస్తారు. ‘స్పృహ తప్పుతుంది, 90’ అని రాసినవాళ్లు అయ్యాక నిజంగా ఏం జరిగిందో పక్కన రాస్తారు. ఒకసారితో ఆపరు, అదే సెషన్‌లో నాలుగైదుసార్లు. గుండెజబ్బు, ఆస్తమా, ఫిట్స్, గర్భం ఉంటే ముందే చెప్పాలి. డాక్టరు సరే అన్నాకే ఇది చేయిస్తారు.

ఇది కొందరికి ఎందుకు ఫలించదంటే, జేబులో ఆల్ప్రజోలం (గాబరా తగ్గించే మాత్ర), చేతిలో నీళ్ల సీసా పెట్టుకుని చేస్తారు. అప్పుడు మెదడు నేర్చుకునే పాఠం ‘దడ వల్ల ప్రమాదం లేదు’ అని కాదు, ‘సీసా ఉండబట్టి బయటపడ్డాను’ అని. దడ మొదలవగానే దీర్ఘశ్వాసలు తీసి ఆపేయడం కూడా అదే కోవలోది.

బొమ్మల గురించి నిక్కచ్చిగా చెప్పాలంటే, డిప్రెషన్‌కూ పానిక్‌కూ పైన చెప్పిన రెండు పద్ధతులకు ఉన్నంత రుజువు దానికి లేదు. మాటలు దొరకనివాళ్లకు అది ఒక దారి. వేసిన బొమ్మ గురించి థెరపిస్టు ఏమీ అడగకుండా గోడకు అంటించి వదిలేస్తుంటే మాత్రం అది కాలక్షేపమే.

మందుల_సిస్టర్:
మాత్రలు ఇంట్లో వేసుకోవచ్చు, రోజూ వేసుకునేది ఇంట్లోనే. కానీ రోజూ మనిషిని చూస్తుంటే డోసు మార్చడం సులువు. పానిక్ ఉన్నవాళ్లకు సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు తక్కువ డోసుతో, సాధారణంగా 25 మి.గ్రా.తో మొదలుపెట్టి వారం తర్వాత 50కి పెంచుతారు. ఎందుకంటే మొదటి వారం, పది రోజులు గాబరా, నిద్రలేమి పెరగవచ్చు. ‘మందు పడలేదు’ అని మానేసేవాళ్లు మానేసేది అప్పుడే. గుణం కనబడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. 25 ఏళ్లలోపువాళ్లను ఈ మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనల కోసం మరింత జాగ్రత్తగా గమనిస్తాం.

మీకు అవసరం రాకపోవచ్చు గానీ, అదే గదిలో ఇతరులకు జరిగేవి చూసి కంగారు పడకండి. లిథియం (బైపోలార్ జబ్బుకిచ్చే మందు) రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష చివరి డోసు వేసుకున్న 12 గంటలకు తీస్తాం. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి. పొద్దున మాత్ర వేసుకుని వస్తే అంకె లేనిపోని ఎత్తులో వస్తుంది. క్లోజపిన్ (స్కిజోఫ్రెనియాకిచ్చే మందు) మొదటి రోజు 12.5 మి.గ్రా.తో మొదలు. తర్వాత ఎప్పుడైనా 48 గంటలకు మించి తప్పిపోతే పాత డోసు నేరుగా వేయకూడదు, మళ్లీ 12.5 నుంచే. శని, ఆదివారాలు మానేసి సోమవారం ‘వేసుకున్నాను’ అని అబద్ధం చెబితే బీపీ పడిపోయి కుప్పకూలే ప్రమాదం ఉంది. తిట్టం, నిజం చెప్పండి. ఈసీటీకి (మత్తిచ్చి మెదడుకు కొద్దిగా కరెంటు పెట్టే చికిత్స) వచ్చేవాళ్లకు 6 గంటల ముందు నుంచి తిండి ఉండదు, తీసుకెళ్లడానికి తోడు కావాలి, ఆ రోజు వాహనం నడపకూడదు.

నీలిమబ్బు:
చాలా ఉపయోగపడింది. రెండు సందేహాలు మిగిలాయి. గ్రూపులో నోరే విప్పకపోతే? మరి సాయంత్రం ఇంట్లో మనిషి బాగా కుంగిపోతే ఎవరిని పిలవాలి?

స్కిల్స్_గ్రూపు:
మొదటి వారం మాట్లాడకపోయినా ఫరవాలేదు, కూర్చుంటే చాలు. గ్రూపులంటే కష్టాలు చెప్పుకునేవి మాత్రమే కావు. స్కిల్స్ గ్రూపు దాదాపు క్లాసే: హోంవర్కు చూడటం, ఒక నేర్పు చెప్పడం, జంటలుగా సాధన. ఉదాహరణకు, ఉద్వేగం ముంచుకొస్తే చల్లటి నీళ్లలో ముఖం పెట్టి, ఊపిరి బిగబట్టి 30 సెకన్లు ఉండటం. గుండె వేగం తగ్గుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లూ, ఆహారం మానేసే జబ్బు ఉన్నవాళ్లూ డాక్టరును అడగకుండా చేయకూడదు. (పైన చెప్పిన పానిక్ సాధనలో దీన్ని వాడొద్దు, రెండింటి ఉద్దేశం వేరు.)

రెండో ప్రశ్నకు జవాబు మొదటి రోజే రాయించే సేఫ్టీ ప్లాన్. ఒకే కాగితం, వరుసగా: నాకు ముదురుతోందని చెప్పే గుర్తులు, ఒంటరిగా చేయగలిగినవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, విషయం చెప్పి సాయం అడగగల మనుషులు, డాక్టరు, అత్యవసర నంబర్లు, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎలా తీసేస్తామన్నది. ఈ ఆఖరిది ఇంట్లోవాళ్ల పని. పురుగుమందులు ఇంట్లోంచి తీసేయండి, మాత్రలు నెలకు కాకుండా వారానికే తెచ్చుకోండి. ‘స్నేహితులకు ఫోన్ చేస్తాను’ అని రాసి ఉంటే ఒప్పుకోవద్దు, పేరూ నంబరూ ఉండాలి. చచ్చిపోవడానికి ఎలాగో, ఎప్పుడో నిర్ణయించుకున్నట్టు తెలిస్తే మర్నాటి చెక్-ఇన్ దాకా ఆగకండి. ఒంటరిగా వదలకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఆ దశ డే హాస్పిటల్‌ది కాదు, వార్డుది.

ఒకటి అడిగి పెట్టుకోండి: వారం వారం పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే కాగితం) నింపిస్తున్నారా అని. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, ఎక్కువ వస్తే డిప్రెషన్ ఎక్కువని. మొదటిరోజు అంకెలో సగానికి తగ్గితే చికిత్స పట్టిందని లెక్క, 5 లోపు వస్తే డిప్రెషన్ దాదాపు వదిలినట్టే. తొమ్మిదో ప్రశ్న ఆత్మహత్య గురించి, మొత్తం ఎంత తక్కువున్నా దాన్ని విడిగా చూడాలి. రెండు మూడు వారాలైనా అంకె కదలకపోతే రివ్యూలో ‘ప్లాన్‌లో ఏం మారుస్తున్నారు’ అని అడగండి. పంపించేటప్పుడు ఐదు రోజుల నుంచి ఒక్కసారిగా సున్నాకు కాకుండా మూడు, తర్వాత ఒకటిగా తగ్గించమనండి. ఓపీ తేదీ చేతిలో పడ్డాకే చివరిరోజు సంతకం పెట్టండి.