అమెరికన్ లగ్జరీ కారు విదేశీ పోటీని ఎలా తట్టుకోవాలి? డెట్రాయిట్‌కు కొత్త, సలహా కావాలి

కొత్త సభ్యురాలు, ఫార్మింగ్టన్ హిల్స్

అందరికీ నమస్కారం. హైదరాబాదు నుంచి మిషిగన్ వచ్చి ఇంకా నెల కాలేదు. మార్కెట్ పరిశోధన చేసే ఒక చిన్న సంస్థలో చేరాను. క్యాడిలాక్ లాంటి అమెరికన్ బ్రాండు లెక్సస్, బి.ఎం.డబ్ల్యూ., మెర్సిడెస్‌లకు దీటుగా నిలవాలంటే ఏమి చేయాలో నోట్ రాయమని మా మేనేజరు మొదటి పనిగా అప్పగించారు. "మీవాళ్ళు లగ్జరీ కార్లు బాగానే కొంటారు కదా, వాళ్ళనే అడుగు" అని కూడా అన్నారు. నేను ఇంతవరకు నడిపింది మారుతి ఒక్కటే. పెద్దలు దయచేసి చెప్పండి. పనిలో పనిగా నాకూ ఒక కారు కావాలి, దాని గురించి కూడా.

ట్రాయ్ నుంచి

స్వాగతం అమ్మా. కార్ల విడిభాగాల కంపెనీల్లోనే తల నెరిసినవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, విసుగనుకోకు.

మీ ఆఫీసు పార్కింగ్ చూసి మాత్రం ఏమీ తేల్చుకోకు. ఇక్కడ ఏ ఇంట చూసినా క్యాడిలాక్ తయారుచేసే జి.ఎం. (జనరల్ మోటార్స్)లోనో, ఫోర్డ్‌లోనో, వాటికి సరకు అందించే కంపెనీలోనో పనిచేసేవారు ఒకరుంటారు. ఉద్యోగుల తగ్గింపు, బంధువుల తగ్గింపు, సప్లయర్ల తగ్గింపు అంటూ అందరికీ ఏదో ఒక దారి దొరుకుతుంది. అందుకే ఇక్కడి రోడ్ల మీద క్యాడిలాక్ ఎప్పుడో గెలిచేసినట్టు కనిపిస్తుంది. అదే నోవై వేంకటేశ్వరాలయంలో వాహనపూజ జరిగేచోట ఒక ఆదివారం నిలబడి చూడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించుకునే బళ్ళలో టయోటాలు, హోండాలు, టెస్లాలు, లెక్సస్‌లు వరసగా వస్తాయి. క్యాడిలాక్ కోసం ప్రసాదం తినేదాకా ఆగాల్సి రావచ్చు.

పేరుప్రతిష్ఠలు లేక కాదు ఈ పరిస్థితి. 1902లో పుట్టిన కంపెనీ అది. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు క్యాడిలాక్‌లను పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలిపేసి, మళ్ళీ మూడు కార్లుగా బిగించి నడిపి చూపించారు. ఏ భాగం ఏ కారుకైనా అతుకుతుందని నిరూపించినందుకు డ్యూయర్ ట్రోఫీ ఇచ్చారు. చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ తప్పించిన విద్యుత్ స్టార్టరు 1912 మోడల్‌లో వచ్చింది. అమరికలో, కొత్తదనంలో లోకాన్ని నోరెళ్ళబెట్టించినవాళ్ళు 1982 మోడల్‌గా సిమరాన్ తెచ్చారు. అది షెవర్లే కావలియర్‌కే తోలు సీట్లు, క్యాడిలాక్ ముద్ర తగిలించిన బండి. కొన్నవాళ్ళు ఆ సంగతి కనిపెట్టలేరనుకోవడమే దానిలోని అసలు అవమానం.

1989లో లెక్సస్ ఎల్.ఎస్. 400 వచ్చింది. కారు ఎంత నిశ్శబ్దమో అందరూ చెబుతారు, ఆ మాట నీకు ఎక్కడైనా దొరుకుతుంది. నీ నోట్‌కు పనికొచ్చేది ఆ తర్వాత జరిగినది. అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే బ్రేకు లైటు, క్రూయిజ్ కంట్రోల్ లోపాలు బయటపడి ఎనిమిది వేల దాకా కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. కొత్త కంపెనీ, ఊరూపేరూ లేదు, అంతటితో మునిగిపోవాలి. వాళ్ళు మనుషులను ఇళ్ళకే పంపి కార్లు తెప్పించుకున్నారు. బాగుచేసి, కడిగి, పెట్రోలు నింపి తిరిగి అప్పగించారు. మూడు వారాల్లో పని ముగించారు. కొన్నవాళ్ళు లోపాన్ని మరిచిపోయి మర్యాదను చెప్పుకున్నారు. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో లగ్జరీ అమ్మకాల్లో మొదటి స్థానం లెక్సస్‌దే.

ఆ మర్యాద డబ్బు రూపంలో ఎక్కడ కనిపిస్తుందో చూడు. ఇక్కడ లగ్జరీ కార్లు చాలావరకు లీజుకే పోతాయి, అంటే కొన్నేళ్ళు వాడుకుని తిరిగిచ్చేయడం, ఆ కాలంలో తగ్గే విలువను నెలనెలా కట్టడం. అరవై వేల డాలర్ల కార్లు రెండు ఉన్నాయనుకో. మూడేళ్ళ తర్వాత ఒకటి అరవై శాతం, రెండోది యాభై శాతం విలువ చేస్తుందని బ్యాంకు అంచనా వేసింది. తేడా ఆరు వేలు. ముప్ఫై ఆరు నెలలకు పంచితే నెలకు దాదాపు 167 డాలర్లు. వడ్డీ ఇంకా కలపనే లేదు. షోరూములో రెండూ ఒకే ధర, ఒకే మెరుపు. నెలకు కట్టే దగ్గర మాత్రం రెండో కారు కంపెనీ తన పాత తప్పులన్నిటికీ జరిమానా కడుతుంది. తగ్గింపులిచ్చి ఆ లోటు పూడిస్తే పాత కార్ల ధర ఇంకా పడుతుంది, వచ్చే ఏడాది అంచనా ఇంకా తగ్గుతుంది. బ్యాంకు అంచనాను తగ్గింపులతో కాకుండా ఎలా పెంచాలన్నదే నా లెక్కన నీ నోట్‌కు అసలు విషయం. ప్రకటనల గురించి ఒక్క పేరాకు మించి రాయకు.

నిలకడ గురించి మాత్రం బాగా రాయి. క్యాడిలాక్‌లో సెవిల్ అనే కారు పేరు పోయి ఎస్.టి.ఎస్. అయింది, డెవిల్ పోయి డి.టి.ఎస్. అయింది, తర్వాత సి.టి., ఎక్స్.టి. అంకెలు వచ్చాయి. బి.ఎం.డబ్ల్యూ. 1975 నుంచి 3 సిరీస్ అనే అంటోంది. 2014లో ప్రధాన కార్యాలయం న్యూయార్క్‌కు తీసుకెళ్తామన్నారు, తీసుకెళ్ళారు, 2018లో మళ్ళీ మిషిగన్‌కే తెస్తామన్నారు. సి.టి.6 అనే పెద్ద కారు కోసం కొత్త వి8 ఇంజను తయారుచేసి, కారును ఆపేసినప్పుడు దానినీ వదిలేశారు. నాలుగేళ్ళకోసారి ఆలోచన మార్చుకునే కంపెనీ కారు పదేళ్ళ తర్వాత ఎంత పలుకుతుందని బ్యాంకు మాత్రం ఎలా చెప్పగలదు?

డీలర్ల సంగతి కూడా ఉంది. 2016 ప్రాంతంలో క్యాడిలాక్‌కు 900కు పైగా డీలర్లు, లెక్సస్‌కు 240 దాకా. అమ్మకాలు లెక్సస్‌వే దాదాపు రెట్టింపు. నెలకు నాలుగు కార్లు అమ్మే డీలరు మంచి సర్వీసు గది కట్టడు. తర్వాత డబ్బిచ్చి చాలామందిని తప్పించారు, అది మంచి పనే.

నోవై నుంచి

అన్నయ్యగారు పెట్రోలు కాలం గురించే రాశారు, ఎలక్ట్రిక్ సంగతి నేను రాస్తాను. ఏళ్ళ తరబడి లెక్సస్ నడిపాను. ఇప్పుడు మా ఇంట్లో క్యాడిలాక్ వారి ఎలక్ట్రిక్ బండి లిరిక్ ఉంది. హైవే మీద చేతులు తీసేసి వెళ్ళనిచ్చే సూపర్ క్రూజ్‌ను చలికాలంలో షికాగో దాకా వాడి చూశాక నాకు వేరే బండి మీద మోజు పోయింది. అది 2017లోనే క్యాడిలాక్‌లో వచ్చింది, జర్మన్ల కంటే ముందు. కానీ ఆ సంగతి మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి తెలుసు? స్వయంగా నడిచే కారంటే అందరి నోటా టెస్లా పేరే.

కొత్త ఎలక్ట్రిక్ మోడళ్ళలో ఫోనును కారు తెర మీద చూపించే ఆపిల్ కార్‌ప్లే ఉండదని 2023లో జి.ఎం. నిర్ణయించింది. అది నాకు అర్థం కాలేదు. వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది, తెర తమ చేతిలో ఉంటే సభ్యత్వాలు అమ్ముకోవచ్చు. ఖరీదైన కారు కొనేవాళ్ళకు మాత్రం అలవాటైన ఫోనే ముఖ్యం. చెల్లీ, సర్వేలో ఈ ప్రశ్న తప్పకుండా పెట్టు.

టెక్సస్, ఇర్వింగ్ నుంచి

ట్రాయ్ పెద్దాయనతో నేను ఏకీభవించను. సర్వీసు, రీసేల్ ముఖ్యమే కానీ వాటితో లెక్సస్‌కు నకలు తయారవుతుంది, అంతే. మా ఊరి పక్కనే ఆర్లింగ్టన్‌లో క్యాడిలాక్ వారి పెద్ద ఎస్.యు.వి. ఎస్కలేడ్ తయారవుతుంది. అది ఏ జర్మన్ కారునూ చూసి గీసినది కాదు. ఫోర్డ్ వారి లింకన్ నావిగేటర్‌కు జవాబుగా 1998లో హడావుడిగా తెచ్చినది, మొదటిది చాలా నాసిరకం కూడా. కానీ ఇంత పెద్దగా, ఇంత దర్జాగా ఉండటం అమెరికావాడికే చేతనవునని తేల్చేసింది. సెడాన్లేమో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌లో తిప్పి తిప్పి బి.ఎం.డబ్ల్యూ.కు దగ్గరగా తెచ్చారు. సి.టి.5-వి బ్లాక్‌వింగ్ 668 హార్స్‌పవర్, చేత్తో మార్చే గేర్లు, నడిపినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కొనేవాళ్ళేరీ?

ఇంకో మాట. "విదేశీ" అని రాసే ముందు ఆలోచించుకోండి. బి.ఎం.డబ్ల్యూ.కు ప్రపంచంలోనే పెద్ద కర్మాగారాలలో ఒకటి సౌత్ కరోలినాలో ఉంది. మెర్సిడెస్ ఎస్.యు.వి.లు అలబామాలో తయారవుతాయి, లెక్సస్ ఇ.ఎస్. కూడా 2015 నుంచి కొన్నేళ్ళు కెంటకీలో తయారైంది. లింకన్ నాటిలస్ 2024 మోడల్ నుంచి చైనాలో తయారై రావడం మొదలైంది. దేశభక్తి మీద ఆధారపడి అమ్మే రోజులు పోయాయి.

ట్రాయ్ నుంచి

ఇర్వింగ్ తమ్ముడూ, ఎస్కలేడ్ నా వాదానికే సాక్ష్యం. 1998 నుంచి పేరు మార్చలేదు, స్థానం మార్చలేదు, మోడల్ తర్వాత మోడల్ బాగుచేస్తూ వచ్చారు. మరి నువ్వే చెప్పు, ఆ కుటుంబం మొత్తంలో పాతబడినా ధర నిలిచే బండి ఏది?

అమ్మా, నీ కారు సంగతి. క్రెడిట్ చరిత్ర, అంటే ఇక్కడ అప్పులు సరిగ్గా తీర్చిన రికార్డు, లేకుండా లగ్జరీ లీజుకు వెళ్ళకు, వడ్డీ వాయగొడతారు. మొదటి ఏడాది మూడు నాలుగేళ్ళ పాత క్యామ్రీయో, సివిక్కో చూసుకో. మంచులో చల్లే ఉప్పుకు తుప్పు పడుతుంది కనుక బండి అడుగుభాగం లేపి చూడనిదే కొనకు. సంతకం పెట్టేముందు ఆ బండి నంబరు ఇచ్చి రెండు మూడు చోట్ల బీమా ధర కనుక్కో. మిషిగన్‌లో బీమా బాగా ఖరీదు, కొత్త లైసెన్సువారికి నెల వాయిదాతో సమానంగా పడినా ఆశ్చర్యం లేదు. పాత బండి చూడటానికి ఎవరైనా తోడు కావాలంటే శనివారం పొద్దున నాకు ఖాళీ.