వనభోజనాల్లో వస్తువులేవీ లేకుండా ఆడే ఆటలు చెప్పండి

ప్రశ్న (నెల్లూరు):
కార్తీక వనభోజనాలకి మైపాడు దగ్గర తోటకి పోతున్నాం. 20 మందిమి, పిల్లలూ పెద్దవాళ్లూ. చీటీలు, బంతి ఏవీ లేకుండా ఏం ఆడించొచ్చు?

జవాబు (ఒంగోలు):
‘ఏడు చప్పట్లు’ అనే ఆటతో మొదలుపెట్టండి. గుండ్రంగా కూర్చుని ఒకటి నుంచి వరసగా లెక్కపెట్టాలి. 7 ఎక్కంలో వచ్చే అంకెకీ, 7 ఉన్న అంకెకీ నోరు మెదపకుండా చప్పట కొట్టాలి. అంటే 30 లోపు 7, 14, 17, 21, 27, 28. ఎక్కువమంది తప్పేది 27, 28 దగ్గరే, వెంటవెంటనే రెండు చప్పట్లు కాబట్టి. 69 తర్వాత మళ్లీ ఒకటికి రండి. 70 నుంచి 79 దాకా అన్నీ చప్పట్లే, లెక్క ఎక్కడుందో ఎవరికీ తెలీదు. 20 మందిని ఒకే గుండ్రంలో పెట్టొద్దండి, వంతు రాక పిల్లలు లేచిపోతారు. పదేసి మంది చాలు.

జవాబు (కావలి):
భోజనాలయ్యాక కన్నుకొట్టే హంతకుడు బాగుంటుంది. అందరూ కళ్లు మూసుకుంటే, ఆడించే మనిషి ఒకరి భుజం తట్టాలి. వాళ్లే హంతకులు. కళ్లు తెరిచాక వాళ్లు ఒక్కొక్కరికీ గుట్టుగా కన్నుకొడతారు, హంతకుడెవరో మిగతావాళ్లు కనిపెట్టాలి. కన్నుకొట్టించుకున్నవాళ్లు మనసులో ఐదు లెక్కపెట్టి అప్పుడు ‘చచ్చా’ అనాలి. వెంటనే అంటే వాళ్ల చూపు ఎటుందో చూసి పట్టేస్తారు. తప్పు పేరు చెప్పినవాళ్లు అవుట్. నల్లకళ్లద్దాలు తీయించండి.

జవాబు (చీరాల):
అంత్యాక్షరిలో ‘ణ’ వస్తే ‘న’, ‘ళ’ వస్తే ‘ల’ అని ముందే ఒప్పించుకోండి, లేకపోతే తగాదాలే. పెద్దవాళ్లు రెండు జట్లలోనూ ఉండాలి, పాత పాటలు వాళ్లకే వస్తాయి.