ఆడ, మగ ప్రయోజనాల పోరు కొత్త జాతుల్ని పుట్టిస్తుందా?

కడప_జువాలజీ:
పుట్టిస్తుందనే నా వాదన. పండ్ల ఈగనే చూడండి. మగ ఈగ వీర్యద్రవంలోని ప్రోటీన్లు ఆడ ఈగ మళ్లీ జతకట్టకుండా ఆపుతాయి, గుడ్లు ఎక్కువ పెట్టిస్తాయి, దాని ఆయుష్షునూ తగ్గిస్తాయి. దానికి ఆడవి తట్టుకునే గుణం పెంచుకుంటే, మగవి దాన్ని దాటే గుణం పెంచుకుంటాయి. విడిపోయిన రెండు గుంపుల్లో ఈ పోటీ చెరో దారి పడితే, తర్వాత కలిసినా ఒక గుంపు మగవి ఇంకో గుంపు ఆడవాటికి సరిపడవు. పరిణామ శాస్త్రవేత్త గవ్రిలెట్స్ 2000లో గణిత నమూనాతో చూపింది ఇదే. అదే ఏడు ఆర్న్‌క్విస్ట్ బృందం 25 జతల కీటక వంశాలను పోలిస్తే, ఆడవి పలు మగవాటితో జతకట్టే వంశాల్లో జాతులు పుట్టే వేగం నాలుగు రెట్లని తేలింది. ఇంకేం కావాల?

కర్నూలు_ఈగలు:
చానా కావాలన్నా. 2002లో గేజ్, పార్కర్ బృందం క్షీరదాల్లో, సీతాకోకల్లో, సాలీళ్లలో వెతికితే ఆ సంబంధం కనబడలేదు. పలు మగవాటితో జతకట్టడంలో సంఘర్షణ ఒక్కటే ఉండదు. ఆడవాటి ఎంపిక, వీర్యకణాల పోటీ కూడా కలిసే ఉంటాయి. ప్రయోగాలూ ఒక్క మాట మీద లేవు. మార్టిన్, హోస్కెన్ 2003లో పేడ మీది సెప్సిస్ ఈగల్ని 35 తరాలు పెంచితే, సంఘర్షణ ఉన్న గుంపుల్లో పరాయి గుంపుతో జతకట్టడం తగ్గింది. విగ్బీ, చాప్‌మన్ 2006లో పండ్ల ఈగల ఆడ, మగ నిష్పత్తి మార్చి చూస్తే అలాంటి వేర్పాటు ఏమీ రాలేదు. ఇంకోటి: పరాయి ఆడదైనా సరే, జతకట్టడం మగదానికి లాభమే. ఆడది వద్దనుకున్నా మగది నెగ్గితే జన్యువులు అటూ ఇటూ కలుస్తాయి. అప్పుడు అదే పోరు జాతి చీలకుండా అడ్డుపడుతుంది గదా.

అనంత_పురుగులు:
ఇద్దరూ పోరుకు ఒకటే ఫలితం ఉంటుందనుకుంటున్నారు. గవ్రిలెట్స్, వాక్స్‌మన్ 2002 నమూనాలో ఆడవి రెండు రకాలుగా చీలి, మగవి ఎటూ పోలేక మధ్యలో నిలిచిపోయే పరిస్థితి కూడా ఉంది. అక్కడ వైవిధ్యం వచ్చింది గానీ కొత్త జాతి రాలేదు. కాబట్టి పోరు ఉందా లేదా అన్నది కాదు, మగవి ఆడవాటి వెంట చీలుతున్నాయా లేదా అన్నది కొలవాల.

కడప_జువాలజీ:
పీజీ ల్యాబులో కొలవొచ్చా? అలసందల్లో పడే పుచ్చు పురుగు మాక్యులేటస్ సులువుగా దొరుకుతుంది. మగదాని జననాంగానికి ముళ్లు, ఆడది కాళ్లతో తన్నడం: పోరు కంటికే కనబడుతుంది.

అనంత_పురుగులు:
కొలవొచ్చు, జాగ్రత్తగా చేస్తే. మందు కొట్టని గింజలు తెచ్చి, లోపల ముందే ఉన్న పురుగులు చావడానికి వారం డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక కవరు విప్పకుండానే గది వేడికి రానివ్వండి, లేకుంటే తేమ పట్టి బూజొస్తుంది. 30 డిగ్రీల దగ్గర తరానికి సుమారు నాలుగు వారాలు. గింజకు ఒక్క గుడ్డే మిగిల్చి, గింజల్ని వేరువేరు చిన్న సీసాల్లో పెట్టాల. లేకుంటే పురుగులు గింజ నుంచి బయటికొచ్చిన కొన్ని గంటలకే జతకడతాయి, ఇంకా జతకట్టని ఆడవి దొరకవు. ఆడదాని తోక పలక మీద రెండు పక్కలా నల్లచారలుంటాయి, మగదానికి ఉండవు.

పోరు ఎక్కువ, తక్కువ ఉండేలా ఆడ, మగ నిష్పత్తి మార్చి గుంపుల్ని పెంచాల. ఎక్కువ మంది తప్పేది గుంపు సైజు దగ్గర. 20 మగ, 20 ఆడ ఉంటే ప్రభావ సంఖ్య (జన్యువుల లెక్కన గుంపు అసలు సైజు) 40. అదే 40 పురుగుల్లో 30 మగ, 10 ఆడ అయితే 30కి పడిపోతుంది. అప్పుడొచ్చిన తేడా పోరుదా, అంతఃప్రజననానిదా (దగ్గరి బంధువుల కలయికదా) అని చెప్పలేం. ఒక్కో నిష్పత్తికి కనీసం నాలుగు వేర్వేరు వరసలు (తరాల తరబడి విడిగా పెంచే గుంపులు) నడపాల. లెక్కలో యూనిట్ వరస, పురుగు కాదు. వంద పురుగుల్ని కొలిచినా వరసలు రెండే అయితే మీ శాంపిల్ రెండే. పరీక్షకు ముందు ఒక తరం అన్ని వరసల్నీ ఒకే పద్ధతిలో పెంచితే, తల్లి పెరిగిన తీరు పిల్లల మీద చూపే ప్రభావం తగ్గుతుంది.

కర్నూలు_ఈగలు:
ఇంకో ప్రమాదం. మన నిల్వల్లో మాక్యులేటస్‌కు దగ్గరి జాతి చైనెన్సిస్ కూడా కలిసొస్తుంది. దాని మగవాటి మీసాలు దువ్వెన పళ్లలా ఉంటాయి, చూసి ఏరేయండి. దాంట్లో వోల్బాకియా బ్యాక్టీరియా కూడా ఉంటుంది. అది సోకిన మగది సోకని ఆడదానితో కలిస్తే గుడ్లు చచ్చిపోవచ్చు. అది చూసి జాతి చీలిందని రాసుకుంటారు. అందుకే ప్రతి వరసకూ ముందే పీసీఆర్ (బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉందో లేదో చూసే పరీక్ష) చేయండి.

జతకట్టాయా అని చూసి ఆపితే చాలదు, గుడ్లూ లెక్కపెట్టాల. పొదిగిన గుడ్డు లోపల, పిల్ల పురుగు గింజను తొలిచిన పొడి నిండి తెల్లబడుతుంది, పొదగనిది పారదర్శకంగానే ఉంటుంది. లెన్సుతో చూస్తే చాలు.