బ్రేకుల్లేని బైకు మీద హాన్స్ నీల్సన్

ప్రశ్న: తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర మాది బైకుల షెడ్డు. స్పీడ్‌వే (మట్టి ట్రాక్ మీద చుట్లు తిరిగే బైకు రేసు) బైకుకు బ్రేకులే ఉండవంట, నిజమేనా అన్నా? డెన్మార్క్ రైడర్ నీల్సన్ ఇంగ్లండ్‌కు ఎందుకు వెళ్లాడు?

జవాబు: నిజమే తమ్ముడూ. 500 సీసీ ఇంజను, ఒకటే గేరు, ఇంధనం మిథనాల్. వెనక చక్రాన్ని జారిస్తూనే మలుపు తిప్పాలి.

మరొకరు: అప్పట్లో గట్టి పోటీ బ్రిటిష్ లీగ్‌లోనే. నీల్సన్ 1977లో వుల్వర్‌హాంప్టన్ క్లబ్బుకు, తర్వాత బర్మింగ్‌హామ్‌కు ఆడాడు. 1984లో ఆక్స్‌ఫర్డ్ చేరాకే అసలు కథ: 1985, 86, 89లలో లీగ్ టైటిల్. ప్రపంచ చాంపియన్ నాలుగుసార్లు. నాకైతే తొమ్మిది సీజన్లు ఆక్స్‌ఫర్డ్‌లోనే నిలబడటం ఇంకా గొప్ప.

ప్రశ్న: మా నాయనకు చదివి వినిపించా. ఒకటే గేరైతే క్లచ్ ఎందుకని అడుగుతున్నాడు.

జవాబు: స్టార్టింగ్ కోసం. స్టార్టింగ్ లైన్‌కు అడ్డంగా ఉన్న టేపు లేవగానే క్లచ్ వదలాలి; మొదటి మలుపులో ముందున్నవాడిని ఆ తర్వాత దాటడం చాలా కష్టం.