నీషే చెప్పిన ‘తన్ను తాను దాటడం’ రోజువారీగా ఎలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
ఎవరి విలువలు వాళ్లే సృష్టించుకోవాలంటాడు కదా జర్మన్ తత్త్వవేత్త నీషే. ఇష్టమొచ్చినట్టు బతకడానికీ దీనికీ తేడా ఏటి? ‘తన్ను తాను దాటడం’ అంటే మన అరిషడ్వర్గాలను జయించడమేనా? చేసి చూడదగ్గ పద్ధతేమైనా చెప్పాడా?

కోట జంక్షన్ (విజయనగరం):
చెప్పాడు మాస్టారూ. 1881 నాటి ఆయన పుస్తకం ‘మోర్గెన్‌రోటె’ (‘ఉషోదయం’)లో 109వ ఖండిక తీయండి. పేట్రేగిన వాంఛను లొంగదీయడానికి ఆరు దారులున్నాయి అక్కడ. రాత్రి ఫోన్ వదల్లేకపోవడం మీద పెట్టి చూద్దాం. ఒకటి, అందకుండా చేయడం: ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టాలి. రెండు, వేళ కట్టడం: ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా, అంతే. మూడు, వెగటు పుట్టేదాకా చూడటం. నాలుగు, ఆ సుఖాన్ని ఓ బాధపెట్టే తలపుతో ముడివేయడం. ఐదు, ఆ సత్తువను ఇంకో కష్టమైన పనికి మళ్లించడం. ఆరు, మొత్తం ఒంటినే నీరసపరచడం.

మూడోది ప్రమాదం. గుర్రాన్ని చచ్చేదాకా తోలి తన మెడ కూడా విరగ్గొట్టుకున్న రౌతుతో పోల్చాడు. ఆరోదాంతో వాంఛతోపాటు బలం, ఒక్కోసారి బుద్ధి కూడా పోతాయి. చాలామంది మొదలెట్టేది ఇక్కడే: ఉపవాసం, మౌనం, నాలుగింటికి లేవడం, అన్నీ ఒకే సోమవారం. నన్నడిగితే రెండూ ఐదూ కలిపి పట్టండి. వేళ కట్టి ఊరుకుంటే మిగిలిన గంట ఖాళీ, చెయ్యి మళ్లీ ఫోన్ మీదకే పోతుంది.

అరిషడ్వర్గాలు ఆరూ శత్రువులు. నీషేకి ఆ బలం కావాలి, దారి మారాలి. అదే ఖండికలో ఇంకో మెలిక ఉంది: వాంఛతో పోరాడాలనిపించడం కూడా మన చేతిలో లేదట, దానికి పోటీగా ఇంకో వాంఛ లేస్తుందట. కాబట్టి ఫోన్ మానమని లోపల తోస్తున్నదేదో చూసుకోండి. చదువు మీద ఇష్టమా, పక్కింటివాళ్లు ఏమనుకుంటారోననా? రెండోదైతే ఇంకా ఏమీ దాటలేదు.

అయ్యకోనేరు (విజయనగరం):
విలువల సృష్టి సంగతి నేను చెప్తాను. 1883లో వచ్చిన నీషే పుస్తకం ‘జరతూస్త్ర ఇలా పలికాడు’ మొదటి భాగంలో ఒంటె, సింహం, పసిబిడ్డ అని మూడు దశలు. ఒంటె బరువు మోస్తుంది. సింహం ‘నువ్విలా చెయ్యాలి’ అన్న ఆజ్ఞను కాదంటుంది. కొత్త విలువను పుట్టించడం మాత్రం దానివల్ల కాదని అక్కడే రాశాడు. అది చోటు ఖాళీ చేస్తుంది, కొత్త విలువ పుట్టేది పసిబిడ్డ దశలో. ఇష్టమొచ్చినట్టు బతకడమంటే సింహం దగ్గర ఆగిపోవడం.

గురజాడ నీషేని అనుసరించారని కాదు గానీ, పని తీరు చూడండి. 1910లో ముత్యాల సరాలు రాస్తూ పాత వృత్తాల గణాలను పక్కనపెట్టారు, వెంటనే తనకో కట్టడి పెట్టుకున్నారు: మూడూ నాలుగూ నడక, పాదానికి 14 మాత్రలు, చివరి పాదం కుదించుకోవచ్చు. ‘కొత్త పాతల మేలు కలయిక’ వేళ్ల మీద లెక్కపెట్టండి, మూడు, నాలుగు, మూడు, నాలుగు. పాత ఛందస్సు ఒంటెలా మోసినవాడి చెవికే ఆ లెక్క దొరుకుతుంది.

నాగావళి గట్టు:
ఎన్నాళ్లు పడుతుంది?

కోట జంక్షన్:
గడువు పెట్టలేదండి. 1882 నాటి నీషే పుస్తకం ‘ది గే సైన్స్’లో 290వ ఖండిక చూడండి: మన బలాలూ లోపాలూ అన్నీ ముందేసుకుని ఒక పథకంలో అమర్చాలి, కొంత కొత్త స్వభావం చేర్చాలి, కొంత పాతది తీసేయాలి, రెంటికీ దీర్ఘసాధన, రోజువారీ పని కావాలి అంటాడు. తీయలేని వికారాన్ని కప్పిపెట్టవచ్చు, లేదా దానికే ఓ గాంభీర్యం తేవచ్చు. మొండితనం పోనివాళ్లు దాన్ని ఆ రెండో లెక్కలో వేసుకోవచ్చు.