హెచ్‌వన్ మీద కొత్తగా వచ్చాను, గ్రీన్‌కార్డు ఇప్పుడే అడగాలా?

అందరికీ నమస్కారం. హెచ్‌వన్ (ఉద్యోగ వీసా) మీద అమెరికాలోని ఇర్వింగ్ వచ్చి ఐదు నెలలైంది. మా కంపెనీలో ఏడాది నిండాకే గ్రీన్‌కార్డు పని మొదలుపెడతారట. ఇప్పుడే కదిపితే "వచ్చీ రాగానే మొదలెట్టాడు" అనుకుంటారేమోనని మొహమాటంగా ఉంది. ఆగితే నష్టమేమైనా ఉందా? వచ్చే మేలో పెళ్ళి కూడా ఉంది. కాస్త చెప్పగలరు.

ఎడిసన్ బాబాయి:

మొహమాటాన్ని విమానం ఎక్కేముందే దింపేసి రావాల్సింది నాయనా. లైనులో నీ నంబరు ఎప్పుడు పడుతుందో తెలుసా? గ్రీన్‌కార్డుకి తొలిమెట్టైన పర్మ్ దరఖాస్తును నీ కంపెనీ కార్మిక శాఖలో వేసిన రోజున. అదే ప్రయారిటీ డేట్. దానికి ముందు ఆ ఉద్యోగానికి ఎంత జీతమివ్వాలో శాఖ తేల్చాలి, కంపెనీ పేపర్లో ప్రకటనలివ్వాలి, తగిన అమెరికన్లు దొరకలేదని చూపించాలి. ఈ తతంగానికే నెలలకు నెలలు పోతాయి. కాబట్టి ఈ సోమవారమే అడుగు.

పెళ్ళి అన్నావు కాబట్టి నా కథ విను. 2007 జూన్‌లో వీసా బులెటిన్ (లైను ఏ డేటు దాకా కదిలిందో చెప్పే నెలవారీ ప్రకటన) వచ్చింది. జులైలో ఉద్యోగం లైన్లన్నీ దాదాపు తెరిచేశారు, ఎవరి డేటైనా సరే గ్రీన్‌కార్డుకి ఆఖరి దరఖాస్తు వేసుకోవచ్చు. నాది ఈబీ-3 (ఉద్యోగం గ్రీన్‌కార్డుల్లో మూడో వర్గం), 2006 మార్చి డేటు. ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరా మెడికల్‌కి అపాయింట్‌మెంట్ లేదు. మూడు గంటలు కారు తోలుకుంటూ పోయి ఇంకో ఊళ్ళో చేయించుకున్నా. ముంజేతికి టీబీ సూది వేసి, రెండ్రోజులాగి మళ్ళీ చూపించమన్నారు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న చెయ్యి కదా, రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉబ్బింది. నర్సు స్కేలు పెట్టి కొలిచి, ఎక్స్‌రే తీయించుకురా అంది. మళ్ళీ మూడు గంటలు. అన్నీ అయి, సీలు వేసిన కవరు కంపెనీ లాయరు చేతిలో పెట్టేసరికి జులై 2. ఆ పొద్దున్నే "నంబర్లు అయిపోయాయి, దరఖాస్తులు తీసుకోం" అని ప్రకటించారు. లాయరు నా కవరు నాకే పోస్టులో తిప్పి పంపాడు, కనీసం ఫోనన్నా చేయలేదు.

జనం గాంధీగిరి అంటూ ఇమిగ్రేషన్ సర్వీసు డైరెక్టరుకి వందల కొద్దీ పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనికాసుపత్రికి పంపించేశాడు. జులై 17న నిర్ణయం వెనక్కి తీసుకున్నారు, ఆగస్టు 17 దాకా గడువన్నారు. మా లాయరు నాది ఆగస్టు 16న వేశాడు! ఆ నెల్లాళ్ళూ నేను తిన్న తిండి ఒంటికి పట్టలేదు.

అసలు సంగతి ఇది కాదు. నాకప్పటికి పెళ్ళి కాలేదు. నవంబరులో అయింది, ఈలోగా డేట్లు వెనక్కి పోయాయి, మీ పిన్నిని నా దరఖాస్తులో చేర్చడానికి లేకుండా పోయింది. ఎమ్‌సీఏ చదివిన మనిషి హెచ్4 (హెచ్‌వన్ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చుంది. 2015 మేలో హెచ్4 వాళ్ళకి వర్క్ పర్మిట్ ఇచ్చాకే ఉద్యోగం. గ్రీన్‌కార్డు 2017లో వచ్చింది. అందుకే చెప్తున్నా, ముందు పెళ్ళి, తర్వాతే ఆఖరి దరఖాస్తు. ఈ దేశానికి మనం రావడమే ఇష్టం లేదు, మనల్ని ఆపడానికే ఏ దేశానికైనా గ్రీన్‌కార్డుల్లో 7 శాతమే అన్న ఆ పరిమితి పెట్టారు.

సన్నీవేల్ అక్క:

బాబాయిగారూ, పిన్నిగారి విషయం చదివి మనసు పాడైంది. కానీ పిల్లాడికి ఆఖరి దరఖాస్తు ఇప్పట్లో రాదు. ఈబీ-2 (రెండో వర్గం) ఇండియా డేటు 2025లో చాలా నెలలు 2013 జనవరి దగ్గరే నిలబడిపోయింది. ఇప్పుడే పెళ్ళి తొందర ఎందుకు పెడతారు?

ఇక ఆ 7 శాతం మనకోసం పెట్టింది కాదు. చరిత్ర తిరగేయండి. 1917లో ఆసియాలో చాలా భాగాన్ని గీత గీసి మూసేశారు. 1946లో ల్యూస్-సెల్లర్ చట్టం వచ్చాక మనకి దక్కిన కోటా ఏడాదికి 100 మంది. దేశం మొత్తానికి వంద! 1965లో అధ్యక్షుడు జాన్సన్ లిబర్టీ విగ్రహం దగ్గర కూర్చుని సంతకం పెట్టిన చట్టం దాన్ని 20,000 చేసింది. ఇటలీకీ అంతే, ఇండియాకీ అంతే. అప్పుడది మనకి వరం.

తిరకాసు 1990 చట్టంలో ఉంది. ఉద్యోగం గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 అన్నారు, అందులో పెళ్ళాం పిల్లలూ లెక్కకొస్తారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్నారు. అదే చట్టంలో హెచ్‌వన్‌బీకి 65,000 పెట్టారు, దానికి మాత్రం దేశాల పరిమితి లేదు. 2001 నుంచి మూడేళ్ళు హెచ్‌వన్ 1,95,000కి పెంచారు, గ్రీన్‌కార్డులు మాత్రం అక్కడే. వీధి గుమ్మం అంత వెడల్పు పెట్టి పెరటి గది ఇరుకు చేస్తే జనం వరండాలోనే కదా నిలబడేది. ఇది పగ కాదు, లెక్క కుదరకపోవడం.

ఎడిసన్ బాబాయి:

లెక్క కుదరలేదని ముప్పై అయిదేళ్ళుగా తెలుసుగా? 2019 జులైలో దేశాల పరిమితి తీసేసే బిల్లుకి హౌస్‌లో (ప్రతినిధుల సభలో) 365 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 65. 2020 డిసెంబరులో సెనేట్ తన సొంత వెర్షన్ ఒకటి పాస్ చేసింది. రెండూ కలవలేదు, కథ కంచికి. ఇష్టముంటే కలపరా?

ఇర్వింగ్‌ల ఓరుగల్లోడు:

తమ్మీ, మనం ఒక్క ఊర్లనే ఉన్నం, ఫోన్ చెయ్యి. పెద్దోళ్ళ లొల్లి పక్కకు పెట్టు. హెచ్‌వన్ ఆరేండ్ల గడువు అయిపోతదని భయపడకు. ఐ-140 (పర్మ్ తర్వాత కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి డేట్ రాకపోతే మూడేండ్ల చొప్పున పొడిగిస్తరు, 2000ల వచ్చిన చట్టం అది. పర్మ్ వేసి 365 రోజులు దాటితే ఏడాది చొప్పున ఇస్తరు. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటినంక పాత కంపెనీ వాపస్ తీసుకున్నా నీ డేట్ నీదే, మోసం గీసం లేకుంటే. జాబ్ పోతే ఇంకోటి చూస్కునేటందుకు 60 రోజులు ఉండొచ్చు.

నువ్వు అడగలేదు గని చెప్తున్న. జీతం చీటీలు, అప్రూవల్ నోటీసులు అన్నీ స్కాన్ చేసి పెట్టుకో. నాకు ఏడేండ్ల కిందటి చీటీ అడిగిన్రు. కంపెనీ మూతపడ్డది, యాడ తెస్తవ్?

సన్నీవేల్ అక్క:

60 రోజులు లేదా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు, ఏది ముందైతే అది. సగం చెప్పకండి.

టొరంటో వెళ్ళొచ్చినోడు:

ఎందుకన్నా ఈ గోలంతా. కెనడా వెళ్ళి సిటిజన్‌షిప్ తీసుకుని ఆ పాస్‌పోర్టుతో తిరిగొస్తే ఇండియా లైను వదిలిపోతుంది. మా కజిన్ వాళ్ళ ఫ్రెండు అలాగే చేశాడు.

సన్నీవేల్ అక్క:

వదిలిపోదు. లైను పుట్టిన దేశాన్ని బట్టి, పాస్‌పోర్టుని బట్టి కాదు. మీ కజిన్ ఫ్రెండు భార్య ఎక్కడ పుట్టిందో కనుక్కోండి. భార్యగానీ భర్తగానీ వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం లెక్కలోకి వెళ్ళొచ్చు, దాన్ని క్రాస్ చార్జబిలిటీ అంటారు. అదై ఉంటుంది.

హ్యూస్టన్ ఆంటీ:

నేను ఈ గ్రూపులో ఎక్కువ రాయను. మా వారు డాక్టరు, మేము 1972లో గ్రీన్‌కార్డులతోనే దిగాం. 1965 చట్టంలో చదువుకున్నవాళ్ళకి మూడో ప్రాధాన్యం ఉండేది. మేం చేసిన గొప్ప ఏమీ లేదు, గేటు తెరిచిన వేళకి వచ్చాం, అంతే. మా పార్టీల్లో కొందరు "ఇప్పుడొచ్చేవాళ్ళంతా నకిలీ రెజ్యూమేలే, బిగించాల్సిందే" అంటుంటే చిరాకేస్తుంది.

ఎడిసన్ బాబాయి:

నకిలీ రెజ్యూమేలు లేవంటారా ఆంటీ? వాటి వల్లే కదా నిజాయితీపరుడికి కూడా పది ప్రశ్నలు. 2025 సెప్టెంబరులో బయటి నుంచి వచ్చే కొత్త హెచ్‌వన్‌కి లక్ష డాలర్లన్నప్పుడు, ఎయిర్‌పోర్టుల్లో విమానం ఎక్కినవాళ్ళు దిగిపోయారు. దారి ఎవరు వేశారు మరి?

ఇర్వింగ్‌ల ఓరుగల్లోడు:

బాబాయ్, గేటు మూస్తే మన మంచితనం చూసి ఆగరు. భగత్ సింగ్ థిండ్ కేసు యాది లేదా? 1923. అమెరికా సైన్యంల పనిజేసినోడు. నేను అగ్రకులపోణ్ణి, ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లోణ్ణే, పౌరసత్వం ఇయ్యాలె అని సుప్రీంకోర్టుల వాదించిండు. కోర్టు కొట్టేసింది. అప్పటికే పౌరసత్వం వచ్చిన మనోళ్ళ కాగితాలు గుంజుకున్నరు. "నేను వేరు, వాళ్ళు వేరు" అంటే పని కాలే. ఇప్పుడు మీరూ గదే అంటున్నరు.

ఎడిసన్ బాబాయి:

నన్ను థిండ్‌తో పోలుస్తావా! నేను కులం మాట ఎత్తానా? సరే, ఆయనకి 1936లో మాజీ సైనికుడిగా పౌరసత్వం వచ్చింది కూడా, అది చెప్పవేం? దలీప్ సింగ్ సాంద్ అయితే 1956లో కాంగ్రెస్‌కే గెలిచాడు.

ఇర్వింగ్‌ల ఓరుగల్లోడు:

సాంద్‌కు పౌరసత్వం దొరికింది గా 46 చట్టంతోనే. గేటు తెరిస్తెనే గెలిచిండు. నేను చెప్పేది గదే.

ప్రశ్న అడిగిన తమ్ముడు:

అందరికీ థ్యాంక్స్. సోమవారమే అడిగాను. మేనేజరు హెచ్చార్‌కి మెయిల్ పెట్టారు, ఆర్నెల్లకే మొదలుపెడతామన్నారు. పైన అక్క చెప్పినదాంట్లో ఒక సందేహం. నేను చేసుకోబోయే అమ్మాయి పుట్టింది మస్కట్‌లో. వాళ్ళ నాన్నగారు అప్పుడు అక్కడ పనిచేసేవారు, తనకి మూడేళ్ళప్పుడు నెల్లూరు వచ్చేశారు. పాస్‌పోర్టు ఇండియాదే. దీనివల్ల ఏమైనా ఉపయోగం ఉందా, లేక వదిలేయాలా?

సన్నీవేల్ అక్క:

ఇది మొదటి మెయిల్లో చెప్పొద్దూ! తను ఒమాన్ లెక్కలోకి వస్తుంది, తనతో పాటు నువ్వూ. మనవాళ్ళ లైనుతో పోలిస్తే అది లైనే కాదు. అక్కడి జనన ధ్రువపత్రం వాళ్ళింట్లో ఉందా? అరబ్బీలో ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించి, అనువదించినవాళ్ళ సర్టిఫికేషన్ కూడా తీసుకోవాలి. ఈ రాత్రే మామగారికి ఫోన్ చెయ్.

ఎడిసన్ బాబాయి:

చూశావా, ముందు పెళ్ళి అని నేనప్పుడే చెప్పాను.